తూటాలోని సీసం రాబందు నెత్తుట్లోకి

అమెరికాలో వేట అలవాటున్న చాలా ఇళ్లలో, కారు షెడ్డులో ఒక మూల చిన్న బల్ల కనిపిస్తుంది. దాని మీద చేతితో నొక్కే ఒక ప్రెస్, బంగారం కొట్లో ఉండేలాంటి సున్నితమైన తూకం, మిల్లీమీటరులో వందో వంతును కొలిచే కాలిపర్, పక్కన డబ్బాలో వాడేసిన ఇత్తడి కేసులు ఉంటాయి. ఒకసారి పేలిన తూటా ఖాళీ కేసును శుభ్రం చేసి, మళ్లీ మందు నింపి, కొత్త తూటాగా కూర్చుకునే చోటు అది. ఈ పనిని హ్యాండ్‌లోడింగ్ అంటారు. కొందరు ఖర్చు కలిసొస్తుందని చేస్తారు. ఇప్పుడు బజారులో దొరకని పాత రకం తుపాకుల కోసం కొందరు చేస్తారు. ఎక్కువ మందికి మాత్రం అసలు ఆకర్షణ కచ్చితత్వమే. తమ రైఫిల్‌కు సరిగ్గా సరిపోయే తూటాను తామే తయారు చేసుకోవాలన్న పట్టుదల అది.

ఆ బల్ల ముందు కూర్చున్న మనిషి ఎన్నో నిర్ణయాలు తీసుకుంటాడు. వాటిలో ఒకటి బుల్లెట్ ఏ లోహంతో ఉండాలన్నది. తరతరాలుగా దానికి సమాధానం ఒక్కటే, సీసం. ఆ సమాధానం ఆ షెడ్డులోనే ఆగిపోలేదు. అడవిలో చనిపోయిన జింక పేగుల్లోకి, అక్కడి నుంచి కాలిఫోర్నియా కొండలపై ఎగిరే ఒక పెద్ద రాబందు నెత్తుట్లోకి చేరింది. ఆ దారిని శాస్త్రవేత్తలు ఎలా పసిగట్టారు, దాన్ని మూసెయ్యడం ఎందుకు అంత తేలిక కాలేదు అన్న ప్రశ్నల వెనుక కొంత భౌతికశాస్త్రం ఉంది.

తూటాలో నాలుగు భాగాలు

మామూలు మాటల్లో తూటా, బుల్లెట్ ఒకటే అనుకుంటాం. నిజానికి తూటా అంటే మొత్తం కూర్పు, బుల్లెట్ అంటే అందులోంచి ఎగిరి వెళ్లే ముక్క. తూటాలో నాలుగు భాగాలుంటాయి. అన్నిటినీ పట్టి ఉంచేది ఇత్తడి కేసు. దాని అడుగున, దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న గిన్నె ప్రైమర్. లోపల ఉండేది మందు. మూతిలో బిగించి ఉండేది బుల్లెట్. నాలుగింటిలో ఇత్తడి కేసు ఒక్కటే మళ్లీ పనికొస్తుంది. పేలుడు ఒత్తిడికి ఇత్తడి సాగి తుపాకీ గోడకు అతుక్కుంటుంది, వాయువులు వెనక్కి రాకుండా ఆపుతుంది, ఒత్తిడి తగ్గగానే కాస్త ముడుచుకుని తేలిగ్గా బయటికి వస్తుంది. హ్యాండ్‌లోడింగ్ అనే అలవాటు నిలబడింది ఇత్తడికున్న ఈ సాగే గుణం మీదే.

మందు అనగానే మనకు దీపావళి టపాసుల్లోని నల్లమందు గుర్తొస్తుంది. ఇప్పటి తూటాల్లో ఉండేది అది కాదు. 1884లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త పాల్ వియెల్ నైట్రోసెల్యులోజ్‌తో పొగ దాదాపు లేని మందును తయారు చేశాడు. దీనికి ఒక ముఖ్యమైన లక్షణం ఉంది. చుట్టూ ఒత్తిడి పెరిగే కొద్దీ ఇది మరింత వేగంగా కాలుతుంది. వేగంగా కాలితే వాయువులు ఎక్కువగా పుడతాయి, ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. బుల్లెట్ ముందుకు కదులుతూ వాయువులకు చోటు ఇస్తుంది కాబట్టే ఈ చక్రం అదుపులో ఉంటుంది. థర్టీ-ఆట్-సిక్స్ అనే ప్రసిద్ధ వేట తూటాలో గరిష్ఠ ఒత్తిడి వాతావరణ పీడనానికి సుమారు 4,000 రెట్లు. సముద్రాలన్నిటిలోకీ లోతైన మరియానా అగాధం అడుగున ఉండే ఒత్తిడి సుమారు 1,100 రెట్లు మాత్రమే. బొటనవేలంత జాగాలో, సెకనులో వెయ్యో వంతు కాలంలో ఇంత జరుగుతుంది.

అందుకే ఈ పనిలో సొంత తెలివికి తావు తక్కువ. మందు తయారీదారులు ప్రయోగశాలలో ఒత్తిడి కొలిచి అచ్చు వేసిన పట్టికలను దాటి వెళితే తుపాకీ చేతిలోనే బద్దలవచ్చు. ఆ పట్టికలో ఒక గడి బుల్లెట్‌ది. బుల్లెట్ బరువే కాదు, పొడవూ గట్టితనమూ మారినా ఒత్తిడి మారిపోతుంది. ఈ సంగతి తర్వాత మనకు అవసరమవుతుంది.

సీసాన్నే ఎందుకు ఎంచుకున్నారు?

గాలిలో ఎగిరే వస్తువును గాలి అడ్డుకుంటుంది. ఆ అడ్డు ఎంత పెద్దదో మొదట కొలిచి చూపినవాడు ఇంగ్లండుకు చెందిన గణిత శాస్త్రవేత్త బెంజమిన్ రాబిన్స్. 1742లో వచ్చిన తన పుస్తకంలో అతను ఒక చక్కటి ఉపాయం వివరించాడు. బరువైన లోలకంలోకి గుండు పేల్చి, లోలకం ఎంత దూరం ఊగిందో చూసి గుండు వేగాన్ని లెక్కగట్టడం. మన డిగ్రీ విద్యార్థులు ద్రవ్యవేగ నిత్యత్వం పాఠంలో నేర్చుకునే బాలిస్టిక్ లోలకం అదే. ఈ రాబిన్స్ ఆ తర్వాత ఈస్టిండియా కంపెనీ ఇంజినీరుగా మన దక్షిణాదికి వచ్చి, 1751లో కడలూరు దగ్గరి ఫోర్ట్ సెయింట్ డేవిడ్‌లో జ్వరంతో చనిపోయాడు.

గాలి అడ్డు బుల్లెట్ ముఖం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. దాన్ని తట్టుకుని ముందుకు పోయే శక్తి బరువును బట్టి ఉంటుంది. కాబట్టి తక్కువ జాగాలో ఎక్కువ బరువుంటే మేలు. సీసం ఒక్కో ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములు తూగుతుంది. అదే ఇనుము 7.9 గ్రాములే. బంగారం, టంగ్‌స్టన్ సీసం కన్నా బరువే గానీ వాటి ధర వేటగాడికి అందేది కాదు. పైగా సీసం 327 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది. వంటింటి పొయ్యి మీదే కరిగించి అచ్చులో పోయవచ్చు. మెత్తనిది కాబట్టి తుపాకీ గొట్టంలోని మెలిక గాడుల్లోకి తేలిగ్గా ఒదుగుతుంది. ఆ గాడులే బుల్లెట్‌ను బొంగరంలా తిప్పి, గాలిలో పల్టీలు కొట్టకుండా ముక్కు ముందుకు ఉండేలా చేస్తాయి. ఆ తిరుగుడు ఎంత వేగమో చిన్న లెక్కతో చూడవచ్చు. గొట్టంలో 25 సెంటీమీటర్లకు ఒక చుట్టు చొప్పున గాడి ఉండి, బుల్లెట్ సెకనుకు 850 మీటర్ల వేగంతో బయటపడితే, అది నిమిషానికి 2 లక్షల చుట్లు తిరుగుతుంది.

పొగలేని మందు వచ్చాక వేగాలు బాగా పెరిగాయి. ఒట్టి సీసం గొట్టానికి పూసుకుపోవడం మొదలైంది. దానికి మందుగా 1880లలో స్విట్జర్లాండ్ సైనికాధికారి ఎడువర్డ్ రూబిన్ సీసానికి రాగి తొడుగు వేశాడు. తొడుగు వేసిన బుల్లెట్ లక్ష్యంలోంచి సూదిలా దూసుకుపోయేది. 1890ల చివర కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో బ్రిటిష్ అధికారులు ఆ తొడుగును ముక్కు దగ్గర తీసేసి లోపలి సీసాన్ని బయటపెట్టారు. శరీరంలోకి వెళ్లగానే ఆ సీసం పుట్టగొడుగులా విచ్చుకుని ఘోరమైన గాయం చేసేది. డమ్‌డమ్ బుల్లెట్ అన్న పేరు ప్రపంచమంతటా పాకింది. 1899 హేగ్ ప్రకటన ఇలాంటి బుల్లెట్లను యుద్ధంలో నిషేధించింది.

వేటలో మాత్రం ఆ సూత్రమే నిలిచిపోయింది. జంతువు గాయంతో గంటల తరబడి బాధపడకుండా వెంటనే చనిపోవాలంటే విచ్చుకునే బుల్లెట్టే కావాలన్నది అక్కడి వాదన. అలా రాగి తొడుగు, సీసపు గుండె, తెరిచిన ముక్కు ఉన్న బుల్లెట్ వేటగాళ్లకు ప్రామాణికమైంది.

పగిలిన ముక్కలు ఎక్కడికి వెళ్లాయి?

సీసాన్ని ఎంచుకోవడానికి కారణమైన మెత్తదనమే ఇక్కడ చిక్కు తెచ్చింది. 10 గ్రాముల బుల్లెట్ సెకనుకు 850 మీటర్ల వేగంతో వెళుతుంటే దానిలో సుమారు 3,600 జౌళ్ల శక్తి ఉంటుంది. కండకు, ఎముకకు తగిలిన క్షణంలో సీసం మీద పడే ఒత్తిడి దాని బలాన్ని ఎన్నో రెట్లు మించిపోతుంది. అప్పుడది ఘన పదార్థంలా కాక ద్రవంలా ప్రవర్తిస్తుంది, తుంపరలుగా చెదిరిపోతుంది. ఆ తుంపరల్లో చాలా వాటిని కంటితో చూడలేం, చేతికీ తగలవు. ఎక్స్-రేలో మాత్రం చీకట్లో చుక్కల్లా మెరుస్తాయి.

అమెరికా పరిశోధకుడు గ్రెయింగర్ హంట్, సహచరులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో రైఫిల్‌తో వేటాడిన 38 జింకల అవశేషాలకు ఎక్స్-రే తీశారు. వేటగాళ్లు జింకను అక్కడే కోసి, పేగులు, ఊపిరితిత్తుల వంటివి అడవిలో వదిలి మాంసం మాత్రం ఇంటికి తీసుకెళతారు. అలా వదిలిన 20 కుప్పలను చూస్తే 18 కుప్పల్లో లోహపు ముక్కలున్నాయి. ఐదింటిలోనైతే ఒక్కో దానిలో 200కు పైగా కనిపించాయి. రాగి బుల్లెట్లతో కొట్టిన నాలుగు జింకల్లో అన్నీ కలిపి దొరికినవి ఆరే ఆరు ముక్కలు.

అదే బృందం 2009లో మరో 30 జింకలను పరిశీలించింది. ఒక్కో కళేబరంలో సగటున 136 ముక్కలున్నాయి. కొన్నిటిలో 15, కొన్నిటిలో 400 పైచిలుకు. గాయం నుంచి జానెడు దూరం దాకా అవి చెదిరి ఉన్నాయి. అంటే గాయమైన చోటును కోసి పారేస్తే సరిపోతుందన్న నమ్మకానికి ఆధారం లేదు. మాంసం దుకాణాల్లో ఆ జింకలను కోయించి పొట్లాలు కట్టిస్తే, 30 జింకల్లో 24 జింకల మాంసపు పొట్లాల్లో లోహపు ముక్కలు కనిపించాయి. ఆ మాంసాన్ని పందులకు తినిపించినప్పుడు వాటి నెత్తుట్లో సీసం పెరిగింది.

22 పక్షులు

అడవిలో వదిలిన పేగుల కుప్ప వృథా కాదు. రాబందులకు, గద్దలకు, కాకులకు అది పండుగ భోజనం. కాలిఫోర్నియా కాండార్ అలాంటి కళేబరాల మీదే బతికే పక్షి. రెక్కలు చాస్తే దాదాపు 3 మీటర్లు, బరువు 8 నుంచి 10 కిలోలు. ఉత్తర అమెరికాలో ఎగిరే పక్షుల్లో ఇంత పెద్దది మరొకటి లేదు. 60 ఏళ్ల దాకా బతకగలదు. ఆరేడేళ్లు వస్తే గానీ గుడ్డు పెట్టదు, పెట్టినా సాధారణంగా రెండేళ్లకు ఒక్కటే. ఇలాంటి జాతికి పిల్లలు ఎక్కువ పుట్టడం కన్నా పెద్ద పక్షులు బతికి ఉండడం ముఖ్యం. ఏటా కొన్ని పెద్ద పక్షులు అదనంగా చనిపోతే చాలు, ఆ జాతి మెల్లగా తరిగిపోతుంది.

1982 నాటికి ప్రపంచం మొత్తంలో మిగిలినవి 22. అడవిలో ఉన్నవాటన్నిటినీ పట్టి సంరక్షణ కేంద్రాలకు తరలించాలని నిర్ణయించారు. 1987లో చివరి పక్షిని పట్టుకునే నాటికి మొత్తం 27 అయ్యాయి. వాటి పిల్లలను 1992 నుంచి కాలిఫోర్నియాలో, 1996 నుంచి అరిజోనాలో మళ్లీ అడవిలోకి వదిలారు. ఇప్పుడు మొత్తం సంఖ్య 500 దాటింది. అందులో సగానికి పైగా స్వేచ్ఛగా ఎగురుతున్నవే.

అంకెలు చూస్తే ఇది విజయగాథలా కనిపిస్తుంది. అయితే 2012లో మైరా ఫింకెల్‌స్టైన్, సహచరులు వెలువరించిన పరిశోధన ఆ విజయాన్ని మోసపూరితమైన కోలుకోవడం అంది. కాలిఫోర్నియాలో ఏటా సేకరించిన రక్త నమూనాల్లో 30 శాతంలో సీసం హానికర స్థాయిలో ఉంది. ప్రతి ఏడాదీ ఐదింటిలో ఒక పక్షికి చికిత్స తప్పనిసరి అవుతోంది. పక్షిని పట్టి, సీసాన్ని బంధించి బయటికి పంపే మందు ఎక్కించి, మళ్లీ వదలాలి. కారణం తెలిసిన కాండార్ మరణాల్లో దాదాపు సగం సీసం వల్ల జరిగినవే.

ఎంత సీసం చాలు? ఒక అంచనా వేసి చూద్దాం. చికిత్స అవసరమని ఆ అధ్యయనంలో తీసుకున్న హద్దు మిల్లీలీటరు రక్తానికి 450 నానోగ్రాములు. 9 కిలోల పక్షిలో రక్తం శరీర బరువులో 7 శాతం అనుకుంటే సుమారు 650 మిల్లీలీటర్లు. గుణిస్తే వచ్చేది 0.3 మిల్లీగ్రాము. అంత సీసం ఒక గుళికగా ఉంటే దాని వ్యాసం మిల్లీమీటరులో మూడో వంతుకు కాస్త ఎక్కువ, అంటే ఒక ఇసుక రేణువంత. మింగిన సీసమంతా రక్తంలోకి చేరదు, నిజమే. కానీ కుళ్లిన మాంసాన్ని అరిగించుకునే రాబందు కడుపులోని ఆమ్లం చాలా ఘాటైనది. సీసాన్ని కరిగించడంలో అది మన జీర్ణరసాల కంటే సమర్థమైనది.

రక్తంలోకి చేరిన సీసాన్ని శరీరం కాల్షియం అని పొరబడుతుంది. నరాల్లో, ఎముకల్లో దానికి చోటిస్తుంది. రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ తయారీలో పనిచేసే ఒక ఎంజైమును సీసం అడ్డుకుంటుంది. జీర్ణనాళం కండరాలు చచ్చుబడతాయి. తిన్నది కిందికి దిగక, కడుపు నిండుగా ఉండగానే పక్షి ఆకలితో చనిపోతుంది. కాండార్లు గుంపుగా తింటాయి కాబట్టి ఒక్క కళేబరం చాలా పక్షులను ఒకేసారి పడగొట్టగలదు.

ఐసోటోపుల వేలిముద్ర

ఆ సీసం బుల్లెట్లదేనని ఎలా చెప్పగలరు? పాత పెయింటులో ఉండవచ్చు, ఒకప్పటి పెట్రోలు పొగతో మట్టిలో చేరి ఉండవచ్చు. వేట సంఘాలు వేసిన ఈ ప్రశ్న న్యాయమైనదే. జవాబు పరమాణు కేంద్రకాల్లో దొరికింది.

ప్రకృతిలో సీసానికి నాలుగు స్థిరమైన ఐసోటోపులు ఉన్నాయి. వాటి ద్రవ్యరాశి సంఖ్యలు 204, 206, 207, 208. వీటిలో 204 సౌరకుటుంబం పుట్టినప్పటి నుంచి మార్పు లేకుండా ఉన్నది. మిగతా మూడూ యురేనియం, థోరియం క్షయమై కొత్తగా పుడుతూ ఉంటాయి. సీసపు ఖనిజం ఎప్పుడు ఏర్పడింది, అక్కడ యురేనియం, థోరియం ఎంత ఉన్నాయి అన్నదాన్ని బట్టి ఈ నాలుగింటి నిష్పత్తి ఒక్కో గనిలో ఒక్కోలా ఉంటుంది. రసాయనికంగా తేడా లేకపోయినా, ద్రవ్యరాశి స్పెక్ట్రోమీటరులో పెడితే ఏ సీసం ఎక్కడిదో పోల్చి చూడవచ్చు.

2006లో ప్రచురించిన ఒక అధ్యయనంలో అడవిలోకి వదలక ముందు కాండార్ల రక్తాన్ని, స్వేచ్ఛగా తిరుగుతున్న వాటి రక్తాన్ని, అక్కడి దుకాణాల్లో అమ్మే తూటాల సీసాన్ని పక్కపక్కన పెట్టి చూశారు. బోనులో ఉన్న పక్షుల రక్తంలో సీసం కొద్దిగానే ఉంది, దాని నిష్పత్తి కాలిఫోర్నియా పరిసరాల సీసానికి సరిపోయింది. స్వేచ్ఛగా ఎగిరే పక్షుల్లో సీసం పెరిగే కొద్దీ నిష్పత్తి తూటాల వైపు జరిగింది. 2012 పరిశోధన మరిన్ని నమూనాలతో అదే నిర్ధారణకు వచ్చింది.

కాండార్ ఒక్కటే కాదు. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం 38 అమెరికా రాష్ట్రాలకు చెందిన 1,210 బాల్డ్, గోల్డెన్ గద్దలను పరిశీలించింది. దాదాపు సగం పక్షుల్లో దీర్ఘకాలిక సీసపు విషప్రభావం కనిపించింది. జపాన్‌లోని హొక్కైడో దీవిలో వేటాడిన జింకలను తిని స్టెల్లర్ సముద్ర గద్దలు చనిపోతుంటే, 2000లోనే అక్కడ జింకల వేటకు సీసపు రైఫిల్ బుల్లెట్లను నిషేధించారు.

రాగి తేలిక, అదే చిక్కు

సీసం వద్దంటే ఏం వాడాలి? జవాబు అప్పటికే ఆ బల్లల మీద ఉంది. అమెరికాలోని యూటా రాష్ట్రానికి చెందిన ర్యాండీ బ్రూక్స్ అనే బుల్లెట్ తయారీదారు 1980లలో సీసం లేకుండా పూర్తిగా రాగితో బుల్లెట్ చేశాడు. పక్షుల సంగతి అతని మనసులో లేదు. పెద్ద జంతువు మీద పేల్చినప్పుడు బుల్లెట్ చెదరకుండా లోతుగా దిగాలన్నదే అతని కోరిక. ముక్కు దగ్గర చిన్న గుంట పెట్టిన ఆ రాగి బుల్లెట్ తగలగానే నాలుగు రేకుల పువ్వులా విచ్చుకునేది, కానీ ముక్కలు కాకుండా బరువంతా నిలుపుకునేది. 1989లో బార్న్స్ సంస్థ ద్వారా అది మార్కెట్లోకి వచ్చింది. మొదట కొన్నది తూటాలు సొంతంగా కూర్చుకునేవాళ్లే. ఎందుకంటే అప్పట్లో అది విడి బుల్లెట్‌గానే దొరికేది.

సీసం తీసి రాగి పెట్టడం చిన్న మార్పులా అనిపిస్తుంది. కానీ రాగి ఘన సెంటీమీటరుకు 8.96 గ్రాములే తూగుతుంది. అదే బరువు కావాలంటే సీసం కన్నా 27 శాతం ఎక్కువ జాగా పడుతుంది. బుల్లెట్ లావును గొట్టం నిర్ణయిస్తుంది, కాబట్టి పెరగాల్సింది పొడవే. పొడవు పెరిగితే రెండు ఇబ్బందులు వస్తాయి.

మొదటిది తిరుగుడుకు సంబంధించినది. పొడుగాటి బుల్లెట్ గాలిలో పల్టీ కొట్టకుండా ఉండాలంటే మరింత వేగంగా తిరగాలి. 1879లో ఇంగ్లండు గణిత శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ జార్జ్ గ్రీన్‌హిల్ దీనికి ఒక సులువైన సూత్రం ఇచ్చాడు. బుల్లెట్ పొడవు ఎంత పెరిగితే గొట్టంలోని గాడి మెలిక అంత బిగువుగా ఉండాలని దాని సారం. గొట్టం మెలిక తయారైనప్పుడే ఖరారైపోతుంది. కాబట్టి పాత రైఫిల్‌కు రాగి బుల్లెట్ కావాలంటే కాస్త తేలికైన, పొట్టి బుల్లెట్‌ను ఎంచుకోవాలి.

రెండోది ఒత్తిడికి సంబంధించినది. పొడుగాటి బుల్లెట్ కేసు లోపలికి ఎక్కువగా దిగి మందుకు ఉండే చోటును తగ్గిస్తుంది. పైగా రాగి సీసం కన్నా గట్టిది, గాడుల్లోకి ఒదగడానికి మొరాయిస్తుంది. రెండూ కలిసి ఒత్తిడిని పెంచుతాయి. పొగలేని మందు ఒత్తిడి పెరిగితే ఇంకా వేగంగా కాలుతుందని ముందే చూశాం. అంటే సీసపు బుల్లెట్ కోసం రాసిన పట్టిక రాగికి పనికిరాదు. తయారీదారులు కొత్త పట్టికలు తయారు చేయాల్సి వచ్చింది. తర్వాత వచ్చిన రాగి బుల్లెట్ల ఒంటి మీద చుట్టూ సన్నని గీతలు కోశారు. గాడులు నొక్కినప్పుడు లోహం ఆ గీతల్లోకి సర్దుకుంటుంది, ఒత్తిడి తగ్గుతుంది, గొట్టానికి రాగి పూత అంటుకోవడమూ తగ్గుతుంది.

రాగి బుల్లెట్ సరిగా చంపదు, జంతువు గాయంతో పారిపోతుంది అన్న భయం కూడా ఉండేది. డెన్మార్క్‌లో వందలాది జింకల వేటను నమోదు చేసి చూస్తే సీసానికీ రాగికీ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఆ దేశం 1996లోనే సీసపు రవ్వల తూటాలను నిషేధించింది. 2024 ఏప్రిల్ 1 నుంచి రైఫిల్ బుల్లెట్లలోనూ సీసాన్ని వేటకు నిషేధించింది.

చట్టం ఒకవైపు, నమ్మకం ఒకవైపు

కాలిఫోర్నియా 2007లో కాండార్లు తిరిగే ప్రాంతంలో పెద్ద జంతువుల వేటకు సీసపు తూటాలను నిషేధించే చట్టం చేసింది. 2013లో దాన్ని రాష్ట్రమంతటా అన్ని రకాల వేటకు విస్తరించి, 2019 జులై 1 నాటికి పూర్తిగా అమల్లోకి తెచ్చింది. అరిజోనా మరో దారి పట్టింది. నిషేధం లేకుండా, కాండార్లు తిరిగే చోట వేటాడేవాళ్లకు 2005 నుంచి సీసం లేని తూటాలను ఉచితంగా ఇచ్చింది, ఎక్స్-రేలు చూపించి ఒప్పించింది. అక్కడ వేటగాళ్లలో అత్యధికులు స్వచ్ఛందంగా సహకరించారు. ఉత్తర కాలిఫోర్నియాలో యురోక్ ఆదివాసులు తమ సంప్రదాయంలో పవిత్రమైన కాండార్‌ను 2022లో తిరిగి తమ నేల మీద ఎగరేశారు. దానికి ఎన్నో ఏళ్ల ముందు నుంచే తమలోని వేటగాళ్లతో సీసం గురించి మాట్లాడుతూ వచ్చారు.

ఇంత చేసినా విషం ఆగలేదు. చిన్న తూటాల్లో, ముఖ్యంగా పొలాల్లో ఉడుతలను కొట్టే 0.22 అంగుళాల రకంలో, సీసానికి ప్రత్యామ్నాయాలు తక్కువ. రాగి తూటాల ధర ఎక్కువ, అన్ని రకాలూ అన్నివేళలా దొరకవు. పాత తూటాలు ఏళ్ల తరబడి పెట్టెల్లో ఉంటాయి. దొంగవేట ఏ చట్టాన్నీ పట్టించుకోదు. 60 ఏళ్లు బతికే పక్షి వందలాది కళేబరాలు తింటుంది. వాటిలో ఒక్కటి చెడ్డదైనా చాలు. అందుకే 90 శాతం మంది మారినా పక్షికి ముప్పు 90 శాతం తగ్గిపోదు.

బల్ల ముందున్న మనిషి

ఈ కథలో పక్షితో పాటు మనిషీ ఉన్నాడు. కొందరు హ్యాండ్‌లోడర్లు పాత సీసాన్ని కరిగించి సొంతంగా బుల్లెట్లు పోసుకుంటారు. గాలి ఆడని షెడ్డులో ఆ పని చేస్తే సీసం ధూళి, మసి రూపంలో చేతులకూ బట్టలకూ అంటుకుంటుంది. ప్రైమర్లలో ఉండే లెడ్ స్టిఫ్నేట్ అనే పదార్థం పేలినప్పుడు సీసం సన్నని పొడిగా మారి ఖాళీ కేసుల్లో మిగిలిపోతుంది. వాటిని పొడిగా తిప్పి శుభ్రం చేసేటప్పుడు ఆ ధూళి గాల్లోకి లేస్తుంది. బూట్లతో, చొక్కాతో ఇంట్లోకి వస్తే నేల మీద పాకే పసిపిల్లల నోట్లోకి చేరుతుంది. పిల్లల మెదడుకు సీసం ఏ స్థాయిలోనూ సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

2008లో నార్త్ డకోటా రాష్ట్రంలో పేదలకు దానంగా ఇచ్చిన జింక మాంసంలో సీసపు ముక్కలు కనిపించడంతో దాన్ని పారేయాల్సి వచ్చింది. తర్వాత అక్కడ 700 మందికి పైగా రక్తం పరీక్షిస్తే, వేట మాంసం తినేవాళ్లలో సీసం కాస్త ఎక్కువగా తేలింది. ప్రమాదకర స్థాయిలో కాదు గానీ, తేడా మాత్రం స్పష్టంగా ఉంది.

మన రాబందుల మాట

మన దేశంలో ఈ చిత్రం ఇలాగే ఉండదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట నిషిద్ధం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. కాబట్టి షెడ్డులో తూటాలు కూర్చుకునే అలవాటు ఇక్కడ లేదు. కానీ జటాయువు కథ విని పెరిగిన మనం కళేబరంలో మనిషి వదిలిన విషం రాబందును ఎలా తుడిచిపెడుతుందో కళ్లారా చూశాం.

మన దగ్గర ఆ విషం పేరు డైక్లోఫినాక్. పశువుల నొప్పులకు ఇచ్చిన ఈ మందు, అవి చనిపోయాక వాటి మాంసంతో రాబందుల్లోకి వెళ్లి మూత్రపిండాలను పాడుచేసింది. ఈ కారణాన్ని 2004లో లిండ్సే ఓక్స్ బృందం పాకిస్థాన్‌లో చేసిన పరిశోధనతో బయటపెట్టింది. అప్పటికే దేశంలో తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా కనుమరుగయ్యాయి. 2006లో ప్రభుత్వం పశువైద్యంలో దాన్ని నిషేధించింది. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు దొడ్డిదారిన పశువులకు చేరుతుంటే, 2015లో సీసా పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు కుదించింది. తెలంగాణలో కుమురం భీం జిల్లా బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు కట్టుకున్నాయని తెలిసినప్పుడు అంత సంతోషం కలిగింది అందుకే.

రెండు కథలకూ ఒకే పోలిక ఉంది. రెండింటిలోనూ ఎవరూ రాబందును చంపాలనుకోలేదు. ఒకరు పశువు నొప్పి తగ్గించాలనుకున్నారు, మరొకరు జింకను ఒక్క దెబ్బకు పడగొట్టాలనుకున్నారు. రెండింటిలోనూ నిషేధం ఒక్కటే సరిపోలేదు, అదే పని చేసే మరో వస్తువు చేతికి అందాలి. ఇక్కడ అది మెలాక్సికామ్ అనే మందు, అక్కడ రాగి. ఆ వస్తువు ఉన్నంత మాత్రాన కూడా చాలదు. పశువుల డాక్టరు దాన్ని నమ్మాలి, వేటగాడు తన రైఫిల్‌లో అది గురి తప్పదని కళ్లారా చూసుకోవాలి. కొత్త పట్టికతో, కొత్త కొలతలతో ఓపిగ్గా పరీక్షించి, ఇది పనిచేస్తుందని పక్కింటి వేటగాడికి చెప్పగలిగినవాళ్లలో ముందు వరసలో ఉన్నది ఆ షెడ్డు మూల బల్ల ముందు కూర్చున్నవాళ్లే. చట్టం చెబితే విననివాడు కూడా తోటి గురికాడు చెబితే వింటాడు. కాండార్ బతుకు సగం ఆ మాట మీద ఆధారపడి ఉంది.